పూతకు ముందే తవ్వాల్సిన వేరు

పశ్చిమ నార్వేలో మధ్యయుగాల్లో అమలైన గులథింగ్ చట్టంలో ఒక నిబంధన ఉంది. పరాయివాడి ఉల్లి మడిలోకో, ఏంజెలికా మడిలోకో దొంగచాటుగా దిగినవాడికి చట్టం అండ ఉండదు. వాణ్ణి చితకబాదినా, ఒంటిమీద బట్టలు ఊడబెరుక్కున్నా అదేమని అడిగేవాళ్లుండరు. చలికాలమంతా పచ్చని ఆకు కంటపడని నేలలో స్కర్వీ జబ్బును దూరంగా ఉంచిన మొక్క ఏంజెలికా. కూరగా తిన్నారు, మందుగా నూరారు. అందుకే అంత కాపలా.

ఏంజెలికాను మనం చూసి ఉండకపోవచ్చు. దాని చుట్టాలు మాత్రం మన పోపులపెట్టెలోనే ఉన్నారు. జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు, ఇంగువ, పెరట్లోని సరస్వతి ఆకు, క్యారెట్ అన్నీ ఏపియేసీ కుటుంబానివే. మూడున్నర వేలకు పైగా జాతులున్న ఇల్లు అది. గొడుగులా విచ్చుకునే పూగుత్తి, నలిపితే గుప్పున కొట్టే వాసన ఆ ఇంటి పోలికలు. కడుపుబ్బరానికి మనం వాము నమిలినట్టే ఐరోపావాళ్లు ఏంజెలికా వేరును కాచుకు తాగారు.

ఈ మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. మొదటి ఏడాది ఆకులు, వేరు తప్ప మరేమీ ఉండవు. రెండో ఏడో, ఆ తర్వాతో మనిషిని మించిన ఎత్తున పూతకాడ లేస్తుంది. గింజలు రాలాక మొక్క చచ్చిపోతుంది. కోయడం ఆలస్యమైతే కొత్తిమీర మడి ఏమవుతుందో మనకు తెలుసు: ఆకు సన్నబడి దారాల్లా అవుతుంది, కాడ పీచు కడుతుంది. ఏంజెలికాలో ఆ నష్టం వేరుకు తగులుతుంది. దాచుకున్న సారమంతా పూతకు పోయి, వేరు కట్టెలా మిగులుతుంది. ఈ మొక్కను నమ్ముకున్నవాళ్ల నేర్పు అంతా పూతకు ముందున్న ఆ కొద్ది కాలాన్ని పట్టుకోవడంలోనే ఉందని నా నమ్మకం. ఉత్తరాన సామీ ప్రజలు లేత కాడను పూత విచ్చకముందే కోసి, తొక్క తీసి పచ్చిగా తింటారు. బోలు కాడతో ఫాద్నో అనే ఊదే వాద్యమూ చేసుకున్నారు. నార్వేలోని వోస్ ప్రాంతపు రైతులైతే ఆకు తొడిమలు బోలుగా కాక కండతో నిండి ఉండే రకాన్ని తరతరాలుగా ఏరి నిలుపుకున్నారు.

ఈ నేర్పు బాగా పదునెక్కింది మాత్రం చైనాలో. గాన్సు రాష్ట్రంలోని మిన్ కౌంటీ రెండువేల మీటర్లకు పైనున్న చల్లని కొండనేల. అక్కడ పండే ఏంజెలికా జాతిని దాంగ్‌గుయ్ అంటారు. వేసవిలో నారు పోసి, నేల గడ్డకట్టకముందే పెరికి, చలికాలమంతా మట్టిలో దాచి, వసంతంలో మళ్లీ నాటుతారు. మరీ లావెక్కిన నారును పక్కన పడేస్తారు. మనం ఏపుగా ఉందని మురిసిపోయే మొక్కే అక్కడ తొందరగా పూతకొచ్చి వేరును పాడుచేస్తుంది. ఆకు పసుపెక్కాక, అక్టోబరు ప్రాంతంలో తవ్వుతారు. తవ్విన వేర్లను వాడనిచ్చి, మెత్తబడ్డాక చిన్న కట్టలు కట్టి అటకల మీద పేరుస్తారు. కింద తడికట్టెలు రాజేస్తారు. మంట తగలకూడదు, పొగే పట్టాలి. మంచి వేరును కోస్తే లోపల లేత పసుపు తెలుపు, నూనె చుక్కలు కనిపిస్తాయి. వాసన ముందు తియ్యగా ఉండి, వెనకనుంచి ఘాటు తగులుతుంది.

ఒకే వేరులో మొండెం రక్తాన్ని పోషిస్తుందని, కొసలు రక్తాన్ని కదిలిస్తాయని చైనా వైద్యులు వేరుచేసి వాడతారు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ బాలింతల కడుపునొప్పికి దాంగ్‌గుయ్, అల్లం వేసి వండిన మాంసపు చారు చెప్పాడు. మన బాలింతలకు వాము పెట్టే పెద్దమ్మలకు ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

దాంగ్‌గుయ్ ఆధునిక పరీక్షకు నిలిచిందా? 1997లో అమెరికాలో 71 మంది స్త్రీలపై 24 వారాలు జరిపిన పరీక్షలో, ముట్లుడిగే వయసు వేడి ఆవిర్లకు దాంగ్‌గుయ్ ఒక్కదాన్నే ఇస్తే ఉత్తుత్తి మాత్రకన్నా మేలేమీ కనిపించలేదు. చైనా వైద్యుడు దాన్ని ఒంటరిగా ఇవ్వడం అరుదు, వేరే వేర్లతో కలిపే ఇస్తాడు. అది నిజమే. అయినా ఆ ఫలితాన్ని పక్కకు నెట్టలేం. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు దీన్ని తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గర్భిణులు దూరంగా ఉండాలి. కొన్ని ఏంజెలికా జాతుల రసం చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం చుట్టాలతోనే. సోక్రటీసు ప్రాణం తీసిన హెమ్లాక్ ఈ కుటుంబానిదే. నున్నటి కాడ మీద ఊదా మచ్చలు, ఎలుక కంపు దాని గుర్తులు. తడినేలల్లో పెరిగే నీటి హెమ్లాక్ మరీ ఘోరం. దాని దుంప మొదలును నిలువుగా చీలిస్తే అడ్డంగా గదులు గదులుగా ఉంటుంది, పసుపు రసం ఊరుతుంది. బొమ్మ చూసి పోల్చుకుని అడవిలో కోసుకునే మొక్కలు కావివి.

మన హిమాలయాల్లోనూ ఒక ఏంజెలికా ఉంది. హిమాచల్‌లో చోరా అని, గఢ్వాల్‌లో గంద్రాయణ్ అని పిలుస్తారు. ఆయుర్వేదంలో చోరకం. ఎండబెట్టిన వేరును చిటికెడు పప్పులో, రాజ్మాలో వేస్తారు. రుచికి రుచి, వాయువుకు మందు. కానీ వేరు తవ్వితే మొక్క మొత్తం పోతుంది. గింజ రాలకముందే తవ్వుకుపోతే తర్వాతి తరం మొలవదు. అలా తవ్వి తవ్వి అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితాలోకి దాన్ని నెట్టేశాం. గఢ్వాల్‌లోని చమోలీ జిల్లా ఎగువ లోయల్లో కొందరు రైతులు దీన్ని పొలాల్లో పండిస్తున్నారు. బదరీనాథ్ యాత్రకు వెళ్లినప్పుడు దుకాణంలో ఆ వేరు కనిపిస్తే, ఎవరి పొలంలో పండిందో అడగండి. అడవిలో తవ్వింది అంటే కొనకండి.