అట్టముక్క, మాట్లాడే పెట్టె

టిఫిన్ బండికి కట్టిన క్యూఆర్ అట్టలో తీగ లేదు, బ్యాటరీ లేదు. తెల్ల కాగితం మీద నల్ల గడులు, పైన ప్లాస్టిక్ పొర, అంతే. ఆవిరి తగులుతుంది, చట్నీ చుక్కలు పడతాయి, ఎండకు అంచులు లేస్తాయి. అయినా ఏ ఫోన్ చూపినా తడబడకుండా జవాబు చెబుతుంది. చిన్న వ్యాపారం పెరగడానికి డిజిటల్ పరికరాలు ఎలా పనికొస్తాయో చూడాలంటే ఈ అట్ట దగ్గరే మొదలుపెట్టాలి. ఇంత చవకగా దొరుకుతూ ఇంత ఆలోచన దాచుకున్న వస్తువులు బజారులో చాలా అరుదు.

ముందు మూలలు చూడండి. మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి. బయట నల్ల చట్రం, లోపల తెల్ల పట్టీ, నడుమ నల్ల దిమ్మ. మధ్యలోంచి ఏ దిక్కుగా గీత గీసినా నలుపు తెలుపులు 1:1:3:1:1 వంతున వస్తాయి. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం ఈ కోడ్‌ను కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. ఆ బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీది అచ్చునంతా పరిశీలించి, అందులో అతి తక్కువగా కనిపించే నిష్పత్తిని ఏరుకుంది. అందుకే ధరల బోర్డు, దేవుడి పటం, సినిమా పోస్టరు పక్కపక్కనే ఉన్నా కెమెరా కోడ్‌ను ఇట్టే గుర్తుపడుతుంది. నాలుగో మూలలో పెద్ద చదరం లేకపోవడం వల్ల పైనేదో కిందేదో తెలుస్తుంది. ఆ మూలకు కాస్త లోపలగా ఉండే చిన్న చదరం, అట్ట వంగినా గడుల వరుసలు ఎంత ఒరిగాయో పట్టిస్తుంది. పెద్ద చదరాలను కలుపుతూ నలుపు, తెలుపు, నలుపు, తెలుపుగా సాగే సన్నటి వరుస గడి కొలత చెబుతుంది.

మరి చట్నీ చుక్క సంగతి? ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ప్రకటించిన గణిత పద్ధతి ఇక్కడ పనిచేస్తుంది. అసలు సమాచారం నుంచే లెక్కగట్టిన అదనపు అంకెలను కూడా గడుల్లో నింపుతారు. కొన్ని గడులు చెరిగిపోతే, మిగిలినవాటిని బట్టి పోయినవి ఏమిటో ఫోన్ లెక్కవేసుకుంటుంది. ఈ రక్షణకు నాలుగు స్థాయిలున్నాయి. సుమారు 7, 15, 25, 30 శాతం వరకు చెడినా కోలుకోగలవు. కోడ్ నడిబొడ్డున యాప్ గుర్తు ధైర్యంగా అచ్చువేయగలగడం కూడా ఈ లెక్క చలవే.

ఇంతా చేసి ఆ గడుల్లో దాగి ఉండేది ఒక చిన్న వాక్యం మాత్రమే: వ్యాపారి యూపీఐ చిరునామా, పేరు, మరికొన్ని వివరాలు. బండి మీది అట్టలో చెల్లించాల్సిన మొత్తం ఉండదు. దాన్ని కొనేవాళ్లే కొడతారు. ఒక్కసారి అచ్చువేస్తే ఇడ్లీకీ పెసరట్టుకూ అదే అట్ట సరిపోవడానికి కారణం ఇదే. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తెచ్చిన యూపీఐలో ఆ తర్వాతి ప్రయాణమంతా తెర వెనకే సాగుతుంది. పిన్ ఫోన్‌లోనే సంకేత రూపంలోకి మారుతుంది, డబ్బు ఒక బ్యాంకు ఖాతాలో తగ్గుతుంది, మరో బ్యాంకు ఖాతాలో చేరుతుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది పక్కనుండే సౌండ్ బాక్స్, డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే పెట్టె. డబ్బు పడిందని కొనేవాళ్లు ఫోన్ తెర చూపిస్తే నమ్మడానికి లేదు. పాత స్క్రీన్‌షాట్ చూపి వెళ్లిపోయేవాళ్లున్నారు. అమ్మే మనిషి చేతులేమో పిండిలో ఉంటాయి, తన ఫోన్ తీసి చూసుకునే వీలుండదు. ఈ రెండు ఇబ్బందులనూ ఒకే పెట్టె తీరుస్తుంది. అందులో సొంత సిమ్ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, రద్దీలోనూ వినిపించే స్పీకర్ ఉంటుంది. అసలు కిటుకు దారిలో ఉంది: కబురు కొనేవాళ్ల ఫోన్ నుంచి రాదు. చెల్లింపు పూర్తయిందని తెలిశాక, సేవ అందించే సంస్థ సర్వర్ నుంచి నేరుగా పెట్టెకు చేరుతుంది. డబ్బు ఇచ్చే మనిషికి ఆ దారిలో వేలు పెట్టే చోటే లేదు. ఎవరైనా రాత్రిపూట అట్ట మీద తమ కోడ్ అంటించి పోయినా ఆ మోసం పొద్దున మొదటి బేరానికే దొరుకుతుంది, ఎందుకంటే పెట్టె పలకదు. తెలుగులో చెప్పించడానికి కూడా శ్రద్ధ కావాలి. వందకు ఇరవై కలిస్తే నూట ఇరవై అవ్వాలి; ముక్కలను ఊరికే అతికిస్తే వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

పెట్టెకు చాలాచోట్ల నెలనెలా అద్దె ఉంటుంది, అది ఖర్చులో రాసుకోవాల్సిందే. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు మాత్రం 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవడం లేదు. పది రూపాయల టీకి కూడా క్యూఆర్ అట్ట పెట్టడం అందువల్లే గిట్టుబాటైంది.

పెరుగుదల ఎక్కడుందంటే, రోజూ మిగిలిపోయే చెల్లింపుల జాబితాలో ఉంది. ఏ రోజు, ఏ గంటకు, ఎంత వచ్చిందో విడిగా రాయకుండానే నమోదవుతుంది. మంగళవారం తొమ్మిది తర్వాత బేరం పడిపోతోందని తెలిస్తే ఆ రోజు పిండి తగ్గించి రుబ్బుకోవచ్చు. పద్దు పుస్తకం లేని మనిషికి ఇది అప్పు పుట్టించే కాగితం కూడా. 2020లో వీధి వ్యాపారుల కోసం మొదలైన పీఎం స్వనిధి పథకం 2025లో మార్పులు వచ్చేదాకా మొదట 10,000 రూపాయలు, తీర్చాక 20,000, ఆపైన 50,000 వరకు అప్పు ఇచ్చింది; డిజిటల్ చెల్లింపులు తీసుకునేవారికి క్యాష్‌బ్యాక్ కూడా పెట్టింది. ఈ జాబితా బ్యాంకువాళ్లకు అర్థం కావాలంటే బండి ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు ఉండాలి. పిల్లల ఫీజు, చుట్టాల చేబదులు అందులో కలిసిపోతే అమ్మకం ఎంతో ఎవరూ తేల్చలేరు. అట్టను వ్యాపారం ఖాతాకే జోడించి, ఇంటికి కావాల్సింది నెలకోసారి అందులోంచి తీసుకుంటే చాలు.