‘తిరగబెట్టడం’, ‘నివారణ’: క్రోన్స్ వ్యాధి సందర్భంలో రెండు మాటల పరిశీలన

ఉపోద్ఘాతం

వైద్య విషయాలను తెలుగులో రాయడంలో చిక్కు పారిభాషిక పదాల కొరత ఒక్కటే కాదు. వాడుకలో ఉన్న మాటలు తమ పాత అర్థాలను వెంటబెట్టుకొని రావడం అంతకన్నా పెద్ద చిక్కు. క్రోన్స్ వ్యాధికి శస్త్రచికిత్స జరిగాక కూడా మందులు ఎందుకు వాడాలో చెప్పేటప్పుడు ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సందర్భంలో రెండు మాటల సామర్థ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి స్వభావం

1932లో న్యూయార్క్ వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ దీనిని చిన్నపేగు చివరి భాగపు వ్యాధిగా వర్ణించారు. జీర్ణనాళంలో ఏ భాగానికైనా ఇది రావచ్చని తరువాత తేలింది. పేగు ఇరుకైనప్పుడు, చీముగడ్డలు ఏర్పడినప్పుడు ఆ భాగాన్ని తొలగించి కొసలను కలుపుతారు. వ్యాధి మళ్ళీ మొదలయ్యేది ఎక్కువగా ఆ అతుకు దగ్గరే.

‘తిరగబెట్టడం’

‘జ్వరం తిరగబెట్టింది’ అన్నప్పుడు వ్యాధి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది అనే మూడు దశలు స్ఫురిస్తాయి. మూడూ రోగి అనుభవానికి అందేవే. క్రోన్స్ వ్యాధి ఈ అర్థానికి లొంగదు. బెల్జియం వైద్యుడు రుట్‌గీర్ట్స్ బృందం 1990లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స జరిగిన ఏడాదిలోపే 73 శాతం మంది పేగులో వ్యాధి ఆనవాళ్ళు మళ్ళీ కనిపించాయి. బాధలు ఉన్నవారు మాత్రం 20 శాతమే. రెండు స్థితులకూ ఒకే మాట వాడితే, ‘నాకు బాగానే ఉంది కదా’ అని మందు మానేయడానికి ఆ మాటే ఆస్కారమిస్తుంది. ‘పేగులో తిరగబెట్టడం’, ‘ఒంటికి తెలిసేలా తిరగబెట్టడం’ అని విడదీసి రాయడం అవసరం. అప్పుడే బాధ లేనివారికి కొలనోస్కోపీ ఎందుకో పాఠకుడికి బోధపడుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 174 మందిపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఆరో నెలలో కొలనోస్కోపీ చేసి అవసరాన్నిబట్టి మందు పెంచినవారిలో 49 శాతం మందికి 18 నెలలకు పేగులో వ్యాధి కనిపించింది. అలా చేయనివారిలో అది 67 శాతం.

‘నివారణ’

ఈ మాట రానున్నదాన్ని ఆపడానికీ, వచ్చినదాన్ని పోగొట్టడానికీ చెల్లుతుంది. రెండింటిలోనూ సంపూర్ణత ధ్వనిస్తుంది. మందుల ఫలితాలు అంత భరోసా ఇవ్వవు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో 297 మంది పాల్గొన్నారు. 76 వారాలకు పేగులో వ్యాధి తిరగబెట్టినవారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 30.6 శాతం, ఔషధం లేని ద్రవం ఎక్కించినవారిలో 60 శాతం. లక్షణాలను కూడా లెక్కలోకి తీసుకున్న ప్రధాన కొలమానంలో మాత్రం తేడా 12.9, 20 శాతాలకే పరిమితమై, గణాంకపరంగా రుజువు కాలేదు. అదే ఏడాది వెలువడిన బ్రిటన్ పరిశోధనలో మెర్కాప్టోప్యూరిన్ మేలు పొగతాగేవారిలోనే స్పష్టమైంది. ‘నివారణ’ అనే మాట ఈ తరతమ భేదాలను కప్పేస్తుంది. మందు వాడినా వ్యాధి తిరగబెట్టిన రోగికి అది మోసపోయిన భావన కూడా కలిగిస్తుంది.

ఆయుర్వేద పరిభాషలో ‘యాప్యం’ అనే మాట ఉంది. పూర్తిగా నయం కాకపోయినా, చికిత్స సాగినంతకాలం అదుపులో ఉండే వ్యాధి అని దాని అర్థం. సుశ్రుతుడు ఆ చికిత్సను పడబోయే ఇంటికి పెట్టిన ఊతతో పోల్చాడు. ఈ భావన ఇక్కడ చాలావరకు సరిపోతుంది. అయితే ఆ మాట నేటి పాఠకుడికి అపరిచితం. పైగా, శస్త్రచికిత్స తరువాత మందు లేకుండానే చాలాకాలం బాగుండేవారూ ఉన్నారు. కాబట్టి భావనను గ్రహించి, ‘తిరగబెట్టే అవకాశాన్ని తగ్గించడం’ అని విడమరచి రాయడమే మేలు.

ముగింపు

సరళమైన మాట రోగికి ధైర్యమిస్తుందన్న వాదన కాదనలేనిది. కానీ ఈ వ్యాధిలో ధైర్యం, జాగ్రత్త రెండూ ఏళ్ళ తరబడి కలిసి నడవాలి. ఆరోగ్య రచనలను, అనువాదాలను మూల్యాంకనం చేసేవారు భాషాసౌలభ్యంతోపాటు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వ్యాధి ఎక్కడ తిరగబెట్టిందో రచన చెప్పిందా? మందు ఎవరికి, ఎంతమేరకు పనిచేస్తుందో చెప్పిందా? రచన ఈ రెండింటికీ జవాబివ్వకపోతే, శైలి ఎంత సరళంగా ఉన్నా దాని ప్రయోజనం నెరవేరనట్లే.