పేరాలన్నింటికీ ఒకే మాట

తెలుగు వార్తల పేజీలో ‘పెద్ద అక్షరాలు’ అనే బటన్ పెట్టాలనుకోండి. నొక్కగానే పేరాలన్నీ ఒకేసారి పెరగాలి. పైన గుడులు, కింద వత్తులు ఉండే లిపి మనది. వరసల ఎడాన్ని పిక్సెళ్లలో బిగించి ఉంచితే, అక్షరం పెరిగాక ఈ వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. అందుకని ప్రతి పేరాలోనూ పరిమాణం, ఎడం రెండూ మారాలి. ఈ పని ఎలా చేశారో చూస్తే వెబ్ డెవలపర్ చేతి నేర్పు తెలిసిపోతుంది.

1994లో హోకోన్ వియుమ్ లీ సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించారు. మరుసటి ఏడాది నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని పది రోజుల్లో రాశారు. పేజీ ఎలా కనబడాలో చెప్పడం మొదటిదాని పని, ఎప్పుడు మారాలో చెప్పడం రెండోదాని పని. ఈ హద్దును గౌరవించిన కోడ్‌ను తర్వాత వచ్చినవాళ్లు కూడా సులువుగా దిద్దుకోగలరు.

తొలినాళ్లలో ట్యాగ్ పేరుతో ఎలిమెంట్లను పట్టుకుని, లూప్ తిప్పి, ఒక్కోదానికీ స్టైల్ రాసేవారు. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని తెచ్చాక అదంతా ఒక్క వరసలో అయిపోయేది. తర్వాత అలాంటి సౌకర్యం బ్రౌజర్లలోకే వచ్చింది. క్వెరీసెలెక్టర్‌ఆల్ అని పిలిచి సెలెక్టర్ ఇస్తే సరిపోయే ఎలిమెంట్లన్నీ జాబితాగా వస్తాయి, ఫర్‌ఈచ్‌తో అన్నింటినీ చుట్టిరావచ్చు.

ఇక్కడ కొత్తవాళ్లను ఏడిపించే చిక్కు ఒకటుంది. గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ ఇచ్చే జాబితా సజీవమైనది. పేజీ మారితే అదీ మారుతుంది. లూప్‌లో మొదటి ఎలిమెంట్ నుంచి ఆ క్లాస్ తీసేశారా, అది జాబితాలోంచి జారిపోతుంది, రెండోది మొదటి స్థానంలోకి జరుగుతుంది. లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్లిపోతుంది. చివరికి ఒకటి విడిచి ఒకటి మారతాయి. క్వెరీసెలెక్టర్‌ఆల్ జాబితా అలా కదలదు కాబట్టి ఆ బెడద లేదు.

అసలు లూపే అక్కర్లేని దారి నాకు అన్నిటికంటే ఇష్టం. బాడీకి ఒక్క క్లాస్ తగిలించి, ఆ క్లాస్ ఉన్నప్పుడు పేరాలు ఎలా ఉండాలో స్టైల్‌షీట్‌లో రాసిపెట్టడం. అప్పుడు జావాస్క్రిప్ట్ చేసేది క్లాస్‌లిస్ట్‌లో ఒక్క టాగుల్ మాత్రమే. పాఠకుడు కిందికి జరిపేకొద్దీ కొత్తగా లోడయ్యే వార్తలకు కూడా ఆ రూపం దానంతటదే వస్తుంది. లూప్ తిరిగిన క్షణంలో లేని పేరాలను లూప్ ఎలా మార్చగలదు? పైగా ఎలిమెంట్ మీదే రాసిన స్టైల్ మామూలు స్టైల్‌షీట్ నియమాలను తోసిరాజంటుంది. రేపు ఆ రూపాన్ని స్టైల్‌షీట్‌లో మార్చాలంటే దానితో తగువే.

స్లైడర్‌తో పరిమాణం కొంచెం కొంచెంగా మార్చాలంటే సీఎస్‌ఎస్ వేరియబుల్ ఉంది. రూట్ ఎలిమెంట్ మీద సెట్‌ప్రాపర్టీతో దాని విలువ మారిస్తే, దాన్ని వాడుకునే నియమాలన్నీ మారతాయి. ఆ వేరియబుల్‌కు ‘అక్షరం’ అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు, ముందు రెండు అడ్డగీతలు ఉంటే చాలు.

ఎన్నికల ఫలితాల పట్టీల్లా ఒక్కోదానికి ఒక్కో ఎత్తు కావాల్సిన చోట లూప్ తప్పదు. అక్కడ ఒక క్రమం పాటించాలి: కొలతలన్నీ ముందు చదివేసి, రాయడం ఆ తర్వాత మొదలుపెట్టాలి. చదవడం, రాయడం కలగలిపితే కొలత అడిగిన ప్రతిసారీ బ్రౌజర్ పేజీ అమరికను మళ్లీ లెక్కవేయాల్సి వస్తుంది. చవక ఫోన్లలో స్క్రోల్ తడబడటానికి ఇదీ ఒక కారణం.