భానుమతి నటనలో రచయిత్రి

మదరాసు నుంచి హౌరాకు పోయే రైలుమార్గంలో ఖరగ్‌పూరు ఒక పెద్ద మజిలీ. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కర్మాగారం అక్కడ వెలసిన నాటినుంచి విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల కుటుంబాలు ఎన్నో వలసపోయి, న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే వాడలలో స్థిరపడినవి. అక్కడి తెలుగువారికి 'అక్క' అన్న పిలుపూ, 'దీదీ' అన్న పిలుపూ దినమూ చెవిని పడేవే. ఒకటి రెండవదానికి పూర్తిగా సరిపోదన్న సంగతి వారికి నిఘంటువు చెప్పనక్కరలేదు. తెలుగు చలనచిత్రం వంగ సాహిత్యంతో నెరపిన చుట్టరికాన్ని పరిశీలించదలచిన వారికి ఆ వాడ అరుగులు మంచి చోటు. ఆ చుట్టరికంలో ఎక్కువ దూరం నడచిన నటీమణులలో శ్రీమతి భానుమతీ రామకృష్ణ (1925–2005) ముఖ్యురాలు.

ఆమె నటజీవితం ఆరంభమైనదే కలకత్తాలో. తొలినాళ్ల తెలుగు టాకీలు అనేకం ఆ నగరంలోనే తయారైనవి. ఈస్టిండియా ఫిలిం కంపెనీవారి కోసం శ్రీ సి. పుల్లయ్య 1933లో 'సతీ సావిత్రి'నీ, 1934లో 'లవకుశ'నూ తీసినారు. 1939లో ఆయనే కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకాన్ని తెరకెక్కించినప్పుడు, ఒంగోలు సమీపాన దొడ్డవరంలో పుట్టిన పదమూడేళ్ల బాలిక కాళింది వేషం ధరించినది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతజ్ఞుడు. కుమార్తెను ఏ నటుడూ తాకరాదన్న షరతు మీద సినిమాలకు పంపినాడన్నది లోకవిదితమే.

ఆ నాటకంలో కట్నానికి పుట్టింటి ఆస్తి తెగనమ్మడం సహించలేక అక్క కాళింది ప్రాణాలు తీసుకొంటుంది. చెల్లెలు కమల బ్రతికి, వాదించి, న్యాయస్థానంలో పురుషుణ్ణి నిలువునా నిలదీస్తుంది. సినిమాలో కమల వేషం పుష్పవల్లిది. భానుమతి తరువాతి పాత్రలను వరుసగా తలచుకొంటే, తొలి చిత్రంలో తనకు దక్కని ఆ కమల మాటలనే ఆమె జీవితమంతా ఏదో ఒక రూపాన పలుకుతూ వచ్చిందా అనిపించక మానదు. (ఇటువంటి కథే అరబ్బు సాహిత్యంలోనూ ఉన్నది. తాహా హుస్సేన్ నవల ఆధారంగా 1959లో కైరోలో నిర్మించిన 'దుఆ అల్ కరవాన్' చిత్రంలో, అక్క హత్యకు ప్రతీకారం తలపెట్టే చెల్లెలిగా ఫాతెన్ హమామా నటించినది. ఈజిప్టు ప్రేక్షకులు నెత్తిన పెట్టుకొన్న ఆ నటికి గొప్ప రచయితలు మాటలు సమకూర్చినారు. భానుమతి మాటలను తానే వ్రాసుకోగలిగినది. ఇద్దరికీ గల భేదం అది.)

భానుమతి మీద పాత ఆరోపణ ఒకటి ఉన్నది: ఏ పాత్ర ధరించినా భానుమతే కనిపిస్తుంది గాని పాత్ర కనిపించదు అని. ఆరోపణలో సత్యం లేకపోలేదు. అయితే దాని కారణాన్ని ఎవరూ సరిగా వెదకినట్లు లేదు. అభిమానులు దానిని ఆత్మగౌరవమన్నారు, గిట్టనివారు అహంకారమన్నారు. రెండూ స్వభావాన్ని గురించిన మాటలే గాని కళను గురించినవి కావు. ఆలంకారికులు అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించినారు గదా. భానుమతి బలం ఆంగికంలో లేదు, ఆహార్యంలో అసలే లేదు. ఆమె సర్వస్వమూ వాచికం. వాక్యాన్ని ఎక్కడ విరవాలో, ఏ మాటను కాస్త సాగదీసి వ్యంగ్యం ధ్వనింపజేయాలో ఆమెకు తెలిసినట్లు ఆనాటి నటులలో కొద్దిమందికే తెలుసును. అప్పగించిన సంభాషణను వల్లించే వారి గొంతు కాదది. ఆ క్షణాన ఆ వాక్యాన్ని కూర్చుకొంటున్న వారి గొంతు. రచయిత్రి గొంతు.

1945లో వచ్చిన బి. ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ'లో ఇది మొదటిసారి స్పష్టపడినది. వీధిలో ఆడిపాడే సుబ్బి నాటకరంగపు సుజాతాదేవిగా మారి ఒక సంసారాన్ని కూలుస్తుంది. పల్లెయాసనుంచి నాగరికపు పలుకుకు ఆ పాత్ర చేసే ప్రయాణమే ఆ నటన. పావురాన్ని పిలిచే ఆ ప్రసిద్ధ గీతం హాలీవుడ్ చిత్రం 'బ్లడ్ అండ్ శాండ్'లోని ఒక కూనిరాగానికి ఋణపడి ఉన్నా, విన్నవారికి అది సుబ్బి సొంత నవ్వులాగానే తోస్తుంది. 1951 నాటి 'మల్లీశ్వరి'కి మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. స్వరాలు సాలూరి రాజేశ్వరరావుగారివి. కృష్ణశాస్త్రిగారి మాటను మరీ మెత్తగా పలికితే మంచులా కరిగిపోయే ప్రమాదమున్నది. పల్లెపిల్ల గడుసుదనాన్ని అడుగున ఉంచి పలికినందువల్ల మల్లి రాణివాసంలో బందీ అయిన తరువాత కూడా ఉత్త కన్నీటిబొమ్మ కాలేదు. ఆ చిత్రాన్ని కవిత్వమని మెచ్చుకొనేవారు, ఆ కవిత్వానికి వెన్నెముక ఎవరి గొంతు ఇచ్చినదో కూడా గుర్తించవలసి ఉన్నది.

ఈ గొంతుకు నిజమైన పరీక్ష 'బాటసారి' (1961). భర్త పి. ఎస్. రామకృష్ణారావుగారితో కలసి నడిపిన భరణీ సంస్థ పక్షాన, ఆయన దర్శకత్వంలో, శరత్‌చంద్రుని 'బడదీదీ' ఆధారంగా తీసిన చిత్రమిది. శరత్తు నవలలో మాధవి బాలవితంతువు. పుట్టింటి బరువంతా మోస్తూ, ఆ ఇంట చిన్నపిల్లకు చదువు చెప్ప వచ్చిన పరధ్యాని సురేంద్రుని అవసరాలన్నీ తెరచాటునుంచే తీరుస్తుంది. కళ్లజోడు పోతే కొత్తది వస్తుంది. ఎవరిచ్చినారో అతడు ఆలోచించడు. 'బడదీదీ' ఒకరున్నారు, అంతే. ఆమె కాశీకి పోయిన నాడు గాని తనకేమి లోపించినదో అతనికి తెలియదు. కథ కొసన అతడు గుర్రం మీద నెత్తురు కక్కుకొంటూ వచ్చి ఆమె ఒడిలో కన్నుమూస్తాడు. మాధవి చెప్పవలసిన మాట ఒక్కటీ చెప్పదు. ఆ నవలకు ప్రాణం ఆ మౌనమే.

వాచికమే సర్వస్వమైన నటి మౌనమే సర్వస్వమైన పాత్రను ఎన్నుకొన్నది! సాహసమే. ఫలితం సంపూర్ణమని చెప్పడం కష్టం. శరత్తు మాధవిలో తన ప్రేమను తానే ఎరుగని అమాయకత్వమున్నది. తెర మీది మాధవి అన్నీ ఎరిగి ఊరకున్నదని తోస్తుంది. అయినా, ఎరిగి ఊరకుండడంలో ఒక నిగ్రహమున్నది. తెలుగు ఇళ్లలో వితంతువు అయిన ఆడపడుచు నిగ్రహానికి అదే దగ్గర. ఇంతకంటె పెద్ద మార్పు పేరులోనే జరిగినది. 'బడదీదీ' ఆమె పేరు. 'బాటసారి' అతని పేరు. తమిళంలో అది 'కానల్ నీర్', అనగా ఎండమావి. ఎవరి పేరూ కాదు. ఇందుకు వ్యాపారకారణాలు కొన్ని ఉండవచ్చును. కాని అసలు చిక్కు పిలుపులోనే ఉన్నది. వంగదేశంలో ఇంటిల్లిపాదీ, ఇంటికి కొత్తగా వచ్చిన పంతులుతో సహా, బడదీదీ అనవచ్చును. ఆ పిలుపు ఒక హోదా. తెలుగులో అక్క అన్న తరువాత ఆ వరుస కట్టుబాటు తెగదు. అక్క అన్న నోట ప్రేమ అన్న మాట ఊహకైనా రాదు. న్యూ సెటిల్‌మెంట్ అరుగు మీద కూర్చున్న పాఠకునికి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకొంటే తెలిసే సంగతి ఇది. చక్రపాణి మొదలైనవారి అనువాదాలతో శరత్తును తనవాడిని చేసుకొన్న తెలుగుదేశం ఈ చిక్కును అంతగా పట్టించుకోలేదు.

హాస్యంలో ఇటువంటి ఇబ్బంది లేదు. రవీంద్రనాథ్ మైత్రా 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్' నుంచి పుట్టిన 'మిస్సమ్మ'కు (1955) తొలుత ఎన్నికైనది భానుమతే. నిర్మాతతో పేచీ వచ్చి తప్పుకొనగా ఆ పాత్ర సావిత్రికి దక్కినది. లోకానికి మేలే జరిగినది. 1962లో తమిళ 'అన్నై' మళ్లీ వంగచిత్రం 'మాయామృగ' నుంచే వచ్చినది. చెల్లెలి బిడ్డను పెంచి, వాడిని వదలలేని తల్లి పాత్ర అది. ఇక్కడ భానుమతి వాక్కు నిప్పులు చెరుగుతుంది. మాధవి మింగిన మాటలన్నీ ఈ తల్లి కక్కినట్లుంటుంది.

దర్శకురాలిగా 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తీసినది. పద్మశ్రీ 1966లో వచ్చినది. 'నాలో నేను' ఆత్మకథకు సినిమా గ్రంథాలలో జాతీయ పురస్కారం లభించినది. ఇవన్నీ జీవితచరిత్రకారులు విపులంగా వ్రాయదగినవే. సాహిత్యపాఠకునికి ముఖ్యమైనది 'అత్తగారి కథలు'. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాటిని గౌరవించినది. అయినా సాహిత్యచరిత్రలలో వాటికి దొరికే చోటు స్వల్పం. సినిమాతార సరదాకు వ్రాసిన కథలన్న చులకన ఇంకా పోలేదు. మునిమాణిక్యంవారి కాంతం కథలలో భర్త భార్యను గురించి చెబుతాడు. ఇక్కడ కోడలు అత్తగారిని గురించి చెబుతుంది. మన కథాసాహిత్యంలో ఆ జంట కలహానికే గాని కథనానికి పనికివచ్చినది అరుదు. కోడలు అత్తగారిని ఎక్కడా ఓడించదు. ఆమె మడినీ, వంటింటి చట్టాలనూ, మూర్ఖపు పట్టుదలనూ విడమరచి చెబుతూ, చివరకు ఆమెనే గెలిపించి తాను పక్కకు తప్పుకొంటుంది. వెండితెర మీద ఎవరి ముందూ తగ్గని నటి కాగితం మీద ఇలా తగ్గినది. 'బాటసారి'లో పూర్తిగా అందని నిగ్రహం ఈ కథలలో అందినది.

ఈ కథలను ఎవరైనా వంగభాషలోకి తీసుకొనిపోదలిస్తే మొదట తగిలే రాయి 'మడి'. అక్కడ 'శుచిబాయి' అన్న మాట ఉన్నది. కాని అందులో శుచి ఒక జబ్బు, చాదస్తం. విన్నవారు ముందే నవ్వుతారు. మడి అన్నప్పుడు తెలుగు పాఠకుడు ముందు భయపడతాడు, తరువాత నవ్వుతాడు. భానుమతి వాక్యం ఆ రెంటికీ నడుమ ఒక క్షణం ఆగుతుంది. అనువాదకుడు పట్టవలసినది ఆ క్షణాన్నే.