ఫ్యాన్ నాడి పట్టే చెయ్యి
మారేడుమిల్లి ఘాట్‌లో లోడుబండి టెంపరేచర్ ముల్లు పైకి పాకిందంటే, రాజమహేంద్రవరం మెకానిక్ ముందే రేడియేటర్‌ని తిట్టడు. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పుతాడు. కాస్త బరువుగా కదిలి ఆగితే సరే. బొంగరంలా తిరుగుతూనే ఉంటే ఫ్యాన్ క్లచ్‌లోని సిలికాన్ ఆయిల్ కారిపోయి ఉంటుంది. జిడ్డుకి అంటిన దుమ్మే సాక్ష్యం.

ఆ క్లచ్ ముందున్న రెండు లోహాల స్ప్రింగు వేడిగాలికి మెలితిరిగి వాల్వు తెరుస్తుంది. గాడుల్లోకి చిక్కటి నూనె చేరి ఫ్యాన్‌ని పట్టుకుంటుంది. వైరు లేదు, స్విచ్చి లేదు! ఇంత తెలివైన వస్తువుకి కొందరు వెల్డింగు పెట్టేస్తారు, పాపం.

కొన్ని బండ్లకు ఆ క్లచ్ నట్టు ఎడమ మర. తెలియక బలం చూపితే వాటర్ పంపుకే ముప్పు. విప్పిన క్లచ్‌ని మెకానిక్ పడుకోబెట్టడు, గోడకి నిలబెడతాడు, నూనె కారకుండా.

ఘాట్ ఎక్కేముందు మీరూ ఓసారి ఆ రెక్క తిప్పి చూడండి, ఇంజన్ ఆపాకే సుమా.