అద్భుతకథలపై పాఠకుల తీర్పు : కథాసరిత్సాగరము

అద్భుతకథా సంపుటములను గూర్చి పాఠకులు వెలిబుచ్చు అభిప్రాయములు సాధారణముగా రెండు విధములు. అవి నమ్మదగినవి కావనునది మొదటిది; పిల్లల వినోదమునకు చాలుననునది రెండవది. ఈ రెండును కథను చదువుటకు పూర్వమే ఏర్పడిన అభిప్రాయములని మా తలంపు. అద్భుతకథను ఏ ప్రమాణముచే తూచవలెనను ప్రశ్నను మన ప్రాచీన కథకులు తమ సంపుటములయందే చర్చించియున్నారు. సోమదేవుని కథాసరిత్సాగరమును నిదర్శనముగా గైకొని ఆ విషయమును పరిశీలింతము.

11వ శతాబ్దిలో కాశ్మీరరాజగు అనంతుని రాణి సూర్యవతి వినోదార్థము సోమదేవుడు ఈ గ్రంథమును రచించెను. ఇందు 18 లంబకములు, 124 తరంగములు, 21,000కు పైగా శ్లోకములు కలవు. గుణాఢ్యుడు పైశాచీభాషలో రచించిన బృహత్కథ దీనికి మూలము. ఆ మూలము నేడు లభింపదు. దండి దానిని అద్భుతార్థమని పేర్కొనెను. బాణుడు హర్షచరిత ప్రారంభమున ప్రశంసించెను. అయితే ఆ మహాగ్రంథమునకు లభించిన తొలి పాఠకుడు దానిని తిరస్కరించెనని సోమదేవుడే కథాపీఠలంబకమున చెప్పుచున్నాడు.

ఆ పాఠకుడు సాతవాహన నృపతి. గుణాఢ్యుడు ఏడు లక్షల గ్రంథమును శిష్యులచేత పంపగా, పరిమాణము మితిమీరినదనియు, భాష నీరసమైన పైశాచి యనియు, వ్రాత రక్తముతో కూడినదనియు రాజు దానిని నిరాకరించెను. ఈ మూడు కారణములలో కథకు సంబంధించినది ఒక్కటియు లేదు. గుణాఢ్యుడు అగ్నికుండము నేర్పరచుకొని, ఒక్కొక్క పత్రమును చదివి అగ్నిలో వైచుచుండగా అడవిమృగములు మేత మాని కన్నీటితో వినినవి. వాని మాంసము శుష్కించి రాజు అస్వస్థుడయ్యెను. కారణము తెలిసికొని అతడు వచ్చునప్పటికి ఆరు లక్షలు దగ్ధమైనవి. నరవాహనదత్తుని కథ మాత్రము మిగిలినది. పిమ్మట రాజు గుణాఢ్యుని శిష్యుల సాయముతో ఆ గ్రంథమును అభ్యసించి, దాని పుట్టుకను తెలుపు కథాపీఠమును తానే రచించెను.

దీనిని కల్పనయని విడిచిపెట్టుట సులభము. కాని ఇందు ఒక విమర్శసూత్రము ఇమిడియున్నదని మేము భావించుచున్నాము. రాజు గ్రంథమును చూచెను, మృగములు వినినవి. ఒకరిది బాహ్యలక్షణములను బట్టి చేసిన నిర్ణయము. మరియొకరిది అనుభవమును బట్టి కలిగిన స్పందము. తొందరపాటు తీర్పునకు మూల్యము ఆరు లక్షల గ్రంథము. ఆ నష్టమును గుర్తించిన పాఠకుడే పీఠికాకర్త యగుట ఈ కథలోని గొప్ప విశేషము.

పండ్రెండవ లంబకములోని వేతాళకథలు ఈ చర్చను మరియొక మెట్టు పైకి గొనిపోవును. ఇచ్చట శ్రోత అభిప్రాయము కథలో భాగమే. తెలిసియు చెప్పకున్నచో త్రివిక్రమసేనుని తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టు నెక్కును. అభిప్రాయము చెప్పుటకును చెప్పకుండుటకును మూల్యము కలదు. వినోదమునకై మాత్రమే ఏర్పడిన కథలకు ఇట్టి నియమము అక్కరలేదు.

తలలు మారిన కథను చూడుడు. మదనసుందరి భర్తయు, సోదరుడును దేవి యెదుట శిరస్సులను ఖండించుకొనిరి. దేవి యనుగ్రహమున వారిని బ్రతికించుకొను తొందరలో ఆమె తలలను తారుమారుగా అతికించెను. భర్త యెవ్వడు? అవయవములలో శిరస్సు ప్రధానము గనుక భర్త శిరస్సు గలవాడే భర్తయని రాజు నిర్ణయించెను. థామస్ మాన్ 1940లో ప్రకటించిన నవలికయందును, గిరీశ్ కర్నాడ్ 1971లో ప్రకటించిన కన్నడ నాటకము హయవదనమునందును సోదరుని స్థానమున మిత్రుడు వచ్చెను. అందుచే ధర్మసందేహము కాంక్షాసమస్యగా మారినది. ఆ యిద్దరును శిరఃప్రాధాన్యమును త్రోసిపుచ్చలేదు. ఆ తీర్పు తరువాత ఆ స్త్రీ బ్రతుకు ఏమైనదని ప్రశ్నించిరి. రాజు తీర్పును పునర్విచారించిన పాఠకులుగా వారిని మనము పరిగణింపవచ్చును.

తెలుగువారిలో పెక్కుమందికి ఈ కథల పరిచయము 1947 జూలైలో వెలువడిన చందమామ వలన కలిగినది. అందు బేతాళుని చట్రమును గ్రహించి క్రొత్తకథలను అమర్చిరి. ఆ పద్ధతి మేలే చేసినది: చదువరి పుట త్రిప్పకముందు తన సమాధానమును తాను ఊహించుకొనెడివాడు. కాని ధారావాహికకు ప్రతిసారియు రాజు పలుకవలసినదే. మూలములో చివరి ప్రశ్నకు రాజు పలుకడు. తండ్రి కుమార్తెను, కొడుకు ఆమె తల్లిని పెండ్లాడగా వారి సంతానమునకు పరస్పరము వరుస యేమని వేతాళుడు ప్రశ్నించెను. రాజునకు తోచలేదు, మౌనముగా నడచెను. వేతాళుడు అలుగలేదు, సంతసించి, భిక్షువు పన్నిన కుట్రను తెలిపి రాజును రక్షించెను. తెలిసినచో చెప్పవలెను; తెలియనిచో ఊరకుండవలెను. సమర్థుడైన పాఠకుని లక్షణము ఇదియే.

నేడు పరిశోధక విద్యార్థులు ఇట్టి సంపుటములలోని కథాంశములను, పాఠభేదములను వర్గీకరించి పట్టికలు వేయుచున్నారు. ఆ కృషి అవసరమే. కాని ఏ కథ ఎందుకు నిలిచినదో, ఏది తేలిపోయినదో చెప్పుటకు సంకోచించుచున్నారు. అధ్యాపకులు నీతిని వెలికితీసి కథను వదలుచున్నారు. మొదటివారు తెలిసియు పలుకనివారు. రెండవవారు చదువక పలికినవారు. బృహత్కథకు పట్టిన గతి మన జానపద కథారాశికి పట్టకుండవలెనన్నచో, ముందు వినుటయు, పిదప నిర్భయముగా చెప్పుటయు మనము అభ్యసింపవలెను. లేనిచో మనకును మిగులునది ఏడవపాలు మాత్రమే.