నతగిరి కనుమ: యాత్రాకావ్యమున సత్యవిచారము

మన యాలంకారికులు మహాకావ్యమునకుఁ జెప్పిన పదునెనిమిది వర్ణనములలో శైలవర్ణనము కలదు, ప్రయాణవర్ణనమును గలదు. కాని శైలమును బ్రయాణమును గలిసికొను చోటైన కనుమకు వేఱుగ స్థానము లేదు. మేఘసందేశమునఁ గాళిదాసు క్రౌంచరంధ్రమును బేర్కొనెను గాని, యది మేఘమునకుఁ జెప్పిన దారి. మేఘమునకు ఱాయి తగులదు, చెమట పట్టదు, దొంగభయము లేదు. పాదచారి కనుమను దాఁటునప్పుడు కలుగు భావము శిఖరమును దూరమునుండి చూచువాని భావముకంటె భిన్నమైనది. ఈ భేదమును దెలిసికొనుటకు జపానుకవి మత్సువో బషో రచించిన ‘ఒకు నొ హొసొమిచి’ యను యాత్రాకావ్యములోని నతగిరి కనుమ ఘట్టము మిక్కిలి యుపకరించును. అంతకంటె ముఖ్యముగా, యాత్రికుఁడైన కవి యెంతవఱకు సత్యమునకు బద్ధుఁడు అను ప్రశ్నకు నీ గ్రంథమే యుత్తమమైన పరీక్షాస్థలము.

బషో 1644లో జన్మించి 1694లో మరణించెను. 1689 వసంతాంతమున సోరా యను శిష్యునితో నెదో నగరము విడిచి, హోన్షూ ద్వీపముయొక్క యుత్తరభాగమునఁ దిరిగి, పశ్చిమతీరము వెంట దిగి శరత్కాలమున ఒగాకి యను నూరు చేరెను. ప్రయాణము రమారమి 2400 కిలోమీటర్లు. కొంత గుఱ్ఱముమీఁద, కొంత పడవలో, పెక్కుభాగము కాలినడకను. గ్రంథము కవి మరణానంతరము 1702లో ముద్రితమయ్యెను. ఆ ద్వీప మగ్నిపర్వతములకు నిలయము. జపానుదేశమున నేఁడు 111 సజీవాగ్నిపర్వతములు లెక్కింపఁబడినవి. కవి దారిలో నాసు పర్వతపాదమున విషవాయువులు వెడలు సెష్షోసెకి యను ‘చంపెడు ఱాయి’ కలదు. దానిచుట్టు నిసుకయైనఁ గానరాకుండ తేనెటీఁగలును సీతాకోకచిలుకలును జచ్చి పడియున్నవని కవి తెలిపెను. ఆ ఱాయి 2022 మార్చిలో రెండుగా పగిలియుండుట కనుఁగొనఁబడెను. కవి పిమ్మట నధిరోహించిన 1984 మీటర్ల గస్సాన్ పర్వతమును నగ్నిజాతమే.

ఇఁక కనుమమాట. జపానుభాషలోఁ గనుమను ‘తోగె’ యందురు. దానిని వ్రాయు చిత్రాక్షరము చీనానుండి వచ్చినది కాదు, జపానువారే కల్పించుకొన్నది. ‘కొండ’, ‘పైకి’, ‘క్రిందికి’ అను మూఁడు గుర్తులను గూర్చి యొక్క యక్షరముగాఁ జేసిరి. ఆ పదమునకు ‘తముకె’, అనఁగా దేవతకు సమర్పణము, మూలమని యొక ప్రసిద్ధనిరుక్తి కలదు: ఎక్కుట ముగిసి దిగుట మొదలగు చోట బాటసారి యచ్చటి దేవతకుఁ గానుక యిచ్చి క్షేమము వేఁడుచుండెను. నతగిరి యను నామమును విని, నతమైన గిరి యని విగ్రహవాక్యము చెప్పఁబోవు మావంటి వైయాకరణులు జాగ్రత్త వహింపవలెను! ఆ పేరును ‘కొండ, కత్తి, నఱకుట’ అను నక్షరములతో వ్రాయుదురు. స్థానికులు మాత్రము, ఒకవైపు వాలుగను ఒకవైపు నిట్రముగను నుండు కనుమ రూపము రైతులు ధరించు నొకవిధమగు తలకప్పును బోలుటచే నా పేరు వచ్చినదందురు. ఎత్తు సుమారు 470 మీటర్లు మాత్రమే. నేఁడు వాహనములు సొరంగమార్గమునఁ బోవును. పలుమలుపుల పాత కాలిబాటయు నడచువారికొఱకు నిలిచియున్నది.

కథాసంగ్రహ మిట్టిది. షితోమయె సరిహద్దు ఠాణాలో కావలివారు వీరిని శంకించి కష్టముమీఁద విడిచిపెట్టిరి. ప్రొద్దు గ్రుంకఁగా సకాఇదలో నొక సరిహద్దు కావలివాని యింట దిగిరి. ఒక్క కప్పుక్రిందనే మనుష్యులును గుఱ్ఱములును నుండు నా యిల్లు నేఁటికిని సంరక్షింపఁబడుచున్నది. మూఁడుదినములు గాలివానచే నచ్చట చిక్కుకొంటిమని కవి చెప్పెను. గృహస్థుఁడు, దారి తెలియరానిది, తోడు లేక దాఁటరాదని, బలిష్ఠుఁడగు నొక యువకుని గుదిర్చెను. అతఁడు మొలను వంపుకత్తి దాల్చి చేత కఱ్ఱ పూని ముందు నడచెను. వీరు నేఁడేదో యపాయము తప్పదనుకొని వెనుక నడచిరి. పక్షికూఁతలేని యడవి, చెట్లక్రిందఁ జీఁకటి, వెదురుపొదలు, వాఁగులు, కాలికిఁ దగులు ఱాళ్లు, చల్లని చెమట. ఇట్లు మొగామి ప్రాంతమునకు దిగిరి.

1943లో సోరా వ్రాసికొన్న దినచర్య ముద్రితమైన పిమ్మట విమర్శకులకుఁ బెద్ద చిక్కు వచ్చెను. అది దూరములను, ఠాణాలను, వానను, బసను దప్ప మఱేమియు నెఱుఁగని వ్రాఁత. మనలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రను జదివినవారి కట్టి వ్రాఁతయొక్క విలువ తెలియును. ఆ దినచర్యతో సరిచూడఁగా గురువు వాక్యములు పెక్కుచోట్ల తప్పినవి. కావున బషో యసత్యవాదియని కొందఱును, కవికి సత్యముతోఁ బనిలేదని మఱికొందఱును బలుక మొదలిడిరి. ఈ రెండు పక్షములును దొందరపాటువే యని మా యభిప్రాయము. ఒక్కొక్క స్థలమును వేఱువేఱుగఁ బరీక్షింపవలెను.

నతగిరి ఘట్టమున నాక్షేపములు రెండు. మొదటిది: సోరా లెక్కచొప్పున వారు పంచమమాసము 15వ దినమున సకాఇద చేరిరి, 16వ దినమున వానచే నిలిచిరి, 17వ దినమున బయలుదేఱిరి. మూఁడుదినములెక్కడివి? సమాధానము: వచ్చిన దినమును బోయిన దినమును గూడ లెక్కించుట లోకాచారము. మనవారు పురిటి పదునొకండవ దినమును జన్మదినముతోఁ గూర్చియే గణింతురు గదా. నిలుకడ మూఁడుదినములనుటలో దోషము లేదు. గాలివాన మూఁడుదినములనుటలో మాత్రము కొంత యత్యుక్తి మిగులును. దానిని మేము దాఁచము.

రెండవది: బయలుదేఱిన 17వ దినమున నాకాశము నిర్మలముగ నున్నదని సోరా వ్రాసెను, కనుమను దాఁటినపిమ్మటఁ బెద్దజల్లు పట్టినదనియు వ్రాసెను. గురువో, రాత్రి నడచినట్లున్నదనియు, మేఘపుటంచులనుండి ధూళి రాలుచున్నట్లు తోఁచెననియుఁ జెప్పి, యా జల్లును విడిచెను. ఇది మొదటఁ జదివినప్పుడు మేమును విరోధమనియే తలఁచితిమి. కాని మరలఁ జూడఁగా నా చీఁకటి మేఘములది కాదు, చెట్లది. దట్టమైన యరణ్యమున మధ్యాహ్నమందును జీఁకటియుండుటకు నిర్మలాకాశ మడ్డము గాదు. ‘రాత్రివలె’ ననుచోట నుపమావాచకము స్పష్టముగ నున్నది. ధూళి రాలుట తాంగయుగపు చీనాకవి తు ఫూ భావన; అదియుఁ ‘దోఁచెను’ అనునర్థముతోనే కూర్పఁబడినది, కావున నుత్ప్రేక్ష. ఇవాదిపదములను జూడక యలంకారమును వృత్తాంతముగఁ జదివి కవిమీఁద నసత్యదోష మారోపించుట చదువరి తప్పు గాని కవి తప్పు గాదు.

ఇంతకును నీ ఘట్టముయొక్క జీవ మా చీఁకటిలో లేదు, తుదిమాటలో నున్నది. కనుమ దాఁటినపిమ్మట నా యువకుఁడు, ఈ దారిలో నెప్పుడు నేదో యొకటి జరుగుననియు, నేఁడు క్షేమముగఁ జేర్పఁగల్గుట యదృష్టమనియుఁ జెప్పి సంతోషముతో సెలవు తీసికొనెను. ఆ మాట విన్న పిమ్మటను గుండె దడదడలాడినదని కవి ముగించెను. నడచునప్పుడు వెఱపు కవిది. ధైర్యము తోడువానిదని మన మనుకొంటిమి. వాని సంతోషమువలన, వాఁడును వెఱచుచునే ముందు నడచెనని తెలియుచున్నది. దొంగ యొక్కఁడైనఁ గానరాలేదు. కత్తి యొఱనుండి వెడలలేదు. భయానకమునకు హేతువైన యపాయము జరుగకుండఁగనే, అపాయము గడచినపిమ్మట భయము ద్విగుణమయ్యెను. ఇది ముమ్మాటికి ధ్వని. దీనికి ముందు సకాఇదలోఁ బేలను, గుఱ్ఱమును గూర్చి హొక్కు కలదు; పిదప ఒబనజవలో హొక్కులు కలవు; నడుమ కనుమమీఁద నొక్కటియు లేదు. గుండె కుదుటఁబడనివాఁడు పద్యము చెప్పఁజాలఁడను నౌచిత్యమే దీనికిఁ గారణమై యుండును.

నిక్కో పర్వతపాదమును దృతీయమాసము 30వ దినమునఁ జేరితినని కవి వ్రాసెను. ఆ యేఁడా మాసమునకు 29 దినములే. లేని దినమును గల్పించుట తప్పే. కాని దానివలన మఱునాఁడు నూతనమాసప్రారంభమున దేవదర్శనమని క్రమము కుదురుచున్నది. ఎవ్వరికిని హాని లేదు. కవికి వృత్తాంతనిర్వహణమాత్రము ప్రయోజనము గాదు, అది యితిహాసముచేతనే సిద్ధించును అను నానందవర్ధనుని సిద్ధాంతము దీనిని గాపాడును.

ఆ సిద్ధాంతము కాపాడని స్థల మొకటి కలదు, అది ఇషినోమాకి. దారి తప్పి యా రేవునకుఁ జేరితిమనియు, బస యడుగఁగా నిచ్చువారు లేక తుదకొక పేదయింట రాత్రి గడపితిమనియుఁ గవి చెప్పెను. దినచర్యచొప్పున దారి తప్పలేదు, బసయు దొరకెను. అంతేకాదు. త్రోవలో దప్పిగొని యింటింట వేఁడినీరడుగఁగా నెవ్వరు నీయకుండఁగా, దారినిఁ బోవుచున్న యొక వీరభటుఁడు కనికరించి, తన యెఱిఁగినవారి యింటికిఁ గొనిపోయి నీరిప్పించి, ఇషినోమాకిలో బసను గూడఁ జెప్పెను. దప్పికయు సత్యమే, నిరాకరణమును సత్యమే. కాని యుపకారిని గురువు తుడిచివైచెను, నిరాకరణమును జేయనివారిమీఁదఁ బెట్టెను. ఒంటరితనమును బోషించుటకై చేసిన మార్పని చెప్పవచ్చును. కాని నతగిరి యువకుని నిలుపుటచేఁ గావ్యము చెడలేదు, పెరిగినది. ఇచ్చట నుపకారిని నిలిపినను జెడకపోయెడిది.

కావున మా సిద్ధాంత మిది. యాత్రాకావ్యకర్త కాలమును సవరింపవచ్చును, చీఁకటిని జిక్కఁబఱుపవచ్చును, జల్లును విడువవచ్చును. ఇవి తన యనుభవమునకు సంబంధించినవి. కాని దారిలో నన్నమో నీరో యిచ్చినవాని ఋణము కవి సొత్తు గాదు. దానిని గొట్టివేయుట కతని కధికారము లేదు. దప్పిగొన్నవారికి నీరిప్పించిన యా బాటసారిని గురువు మఱచెను. అలంకారమెఱుఁగని శిష్యుఁడు రెండుపంక్తులలో నిలిపెను. కావ్యమును సోరా దినచర్యతోఁ గూర్చి చదువవలెననుట గురువును బట్టియిచ్చుటకుఁ గాదు. ఆ ఋణమును జదువరులమైన మనమైనఁ దీర్చుటకు. సహృదయులు విచారింతురు గాక.